ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను: మన సోపతులు ఎక్కడ తెగిపోతున్నాయి?

పాత కాజీపేట | ఆదివారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. పోయిన బుధవారం బ్యాంకు పని మీద హనుమకొండ చౌరస్తాకు వెళ్లి వస్తుంటే, కరెంటు స్తంభానికి కట్టిన ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కనిపించింది. అటువంటివి రోజుకు పది చూస్తాము, ఆగము. ఆ రోజు ఆగాను, ఎందుకంటే అందులో ఉన్నవాడు నా సోపతిగాడు. ఆరో తరగతి నుంచి ఇద్దరికీ పెండ్లిళ్లు అయ్యేదాకా ఒక్క పూట విడిచి ఉండని మనిషి చనిపోయి పదమూడు రోజులైంది, దినాలు కూడా అయిపోయాయి, ఆ కబురు నాకు చెప్పింది ఒక కరెంటు స్తంభం.

ఫొటోలో అతని ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది, దాని మణికట్టుకు వెడల్పు తోలు పట్టీ గడియారం ఉంది. ఆ చెయ్యి నాది. 2003లో అతని ఇంటి గృహప్రవేశం నాడు మేము అయిదుగురం కలిసి దిగిన ఫొటోలోంచి అతన్ని ఒక్కడినే కత్తిరించి ఫ్లెక్సీ వాళ్లకు ఇచ్చారు, చెయ్యిని మాత్రం తీసేయడం కుదరలేదు. వెనుక బండ్లవాళ్లు హారన్లు కొడుతుంటే నేను నా చేతినే చూస్తూ నిలబడ్డాను.

మా అయిదుగురి తండ్రులూ రైల్వేలోనే పనిచేసేవారు. కాజీపేట క్వార్టర్లలో మా అమ్మలకు ఎవరి పిల్లలు ఎవరింట్లో తిన్నారో రాత్రి పడుకునే ముందు లెక్క చూసుకుంటే గాని తెలిసేది కాదు. సాయంత్రం ఫుట్‌బ్రిడ్జి మెట్ల మీద కూర్చుని, బల్లార్షా వైపు పోయే బండి ఏదో, బెజవాడ వైపు పోయేది ఏదో కండ్లు మూసుకుని చెప్పే పందేలు వేసుకునేవాళ్లము. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు మాలో ఒకడు జనగామ జిల్లావాడు, ఇంకొకడు మహబూబాబాద్ జిల్లావాడు అయ్యారు, కానీ జిల్లా కంటే పదేళ్ల ముందే మేము విడిపోయాము కాబట్టి ఆ నెపం ప్రభుత్వం మీద వేయలేను.

చనిపోయినవాడి ఇల్లు మా ఇంటికి ఏడు కిలోమీటర్లు. మా మధ్య పగ లేదు, మాట పట్టింపు లేదు, పైసల లావాదేవీ లేదు. మరి ఎక్కడ తెగింది? మీ అనుభవాలు రాయండి. "కాలం మారింది" అనే జవాబు మాత్రం వద్దు, అది నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

మగ్గం గుంట | ఆదివారం, రాత్రి 11.05

అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒకటే: మనల్ని కలిపి ఉంచింది ప్రేమ కంటే ముందు పని. పని పోయింది, దాని వెంట మనుషులు పోయారు.

మాది వరంగల్‌లోని కొత్తవాడ, మా బాపు జంపఖానాలు నేసేవాడు. వెడల్పాటి జంపఖానాను ఒక్కడు నేయలేడు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఇద్దరి చేతులూ ఒకే తీరుగా కదలాలి, లేకపోతే పేక ఒక దిక్కు బిగిసి ఒక దిక్కు వదులై, కింద పరిచినప్పుడు అంచు వంకర పోతుంది. మా బాపు, ఆయన పక్కన కూర్చునే చిన్నాయన (రక్తసంబంధం కాదు, వాడకట్టు వరుస) ఇరవై రెండేళ్లు అట్లా కూర్చున్నారు. వాళ్లు కొట్లాడుకోలేదని కాదు, నెలకొకసారి కొట్లాడుకునేవారు. రాత్రి కల్లు దగ్గర మాటా మాటా పెరిగి "నీ మొఖం చూడ" అనుకున్నా, తెల్లవారి మగ్గం మీద కూర్చోక తప్పదు. పొద్దెక్కేదాకా ఇద్దరూ మూతి బిగించుకుని నేసేవారు. ఎప్పుడో ఒక పోగు తెగేది, "నీ దిక్కు తెగింది చూడు" అని ఒకరు అనక తప్పేది కాదు, అంతటితో మాట కలిసేది. ఈనాడు ఇద్దరు మిత్రులు అలిగితే, మళ్లీ మాట కలపడానికి ఆ తెగే పోగు లేదు.

ఇటు మగ్గాలు, అటు మిల్లు. నిజాం తన పెద్ద కొడుకు పేరిట 1934లో పెట్టించిన ఆజంజాహి మిల్లు నడిచినన్నాళ్లు, వరంగల్‌లో వేల ఇండ్లకు పొద్దు షిఫ్టుల లెక్కనే పొడిచేది, షిఫ్టుల లెక్కనే గూకేది. ఒకే వేళకు లేచి, ఒకే దారిన పోయి, ఒకే వేళకు తిరిగి వచ్చేవాళ్లు స్నేహం కోసం వేరే సమయం కేటాయించుకోవలసిన పని ఉండదు. మిల్లు మూతపడింది, ఆ స్థలం ప్లాట్లయింది. మా గల్లీవాళ్లు కొందరు భివండికి, కొందరు సూరత్‌కు, షోలాపూర్‌కు పోయారు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్నప్పుడు సంతోషించాను గాని, అప్పటికే మా గల్లీలో మగ్గం చప్పుడు వినాలంటే చెవి ఒగ్గి నిలబడవలసి వచ్చేది.

లెక్కల సారు | సోమవారం, ఉదయం 6.15

మగ్గం గుంట గారి మాటను పూర్తిగా ఒప్పుకోలేను, కాదనలేను కూడా. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఒక లెక్క చెప్పాడు. కొత్తగా పరిచయమైన ఇద్దరు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, నిజంగా స్నేహితులమని అనుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహితులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలట. అయితే ఒకేచోట ఉద్యోగం చేస్తూ గడిపిన గంటలకు అంత విలువ లేదని, ఊరికే కూర్చుని ముచ్చట పెట్టిన గంటలే దగ్గర చేస్తాయని కూడా అతడే తేల్చాడు. అంటే మగ్గం కంటే కల్లు దగ్గరి రాత్రులకే మార్కులు ఎక్కువ పడతాయన్నమాట.

ఇప్పుడు మన సంగతి చూద్దాము. పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఏడాదికొకసారి ఫంక్షన్ హాలులో కలిసి శాలువాలు కప్పుకుంటారు. ఉపన్యాసాలు, భోజనాలు తీసేస్తే ఒక్కొక్కరితో నిజంగా మాట్లాడేది పది నిమిషాలు. ఆ వేగంతో 200 గంటలు పూర్తి కావడానికి 1,200 ఏళ్లు పడుతుంది. కాకతీయుల కంటే ముందే మొదలుపెట్టి ఉండవలసింది.

ఇంకొక సంగతి. బ్రిటన్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రజ్ఞుడి లెక్క ప్రకారం ఒక మనిషి నిలుపుకోగలిగిన సంబంధాలు మొత్తం 150 దాకా ఉంటాయి గాని, అందులో అన్నిటికంటే లోపలి వలయంలో పట్టేది సుమారు అయిదుగురే. పాత కాజీపేట గారూ, మీరు సరిగ్గా అయిదుగురు. ఆ లోపలి వలయంలోకి భార్య, పిల్లలు, ఇంటి అప్పు వచ్చినప్పుడు ఎవరో ఒకరు బయటికి జరగక తప్పదు, ఆ జరగడం చప్పుడు చేయదు.

మగ్గం గుంట | సోమవారం, ఉదయం 8.30

సారూ, మీ ఆచార్యుడు ఆఫీసులను చూసి ఆ మాట అని ఉంటాడు. మగ్గం మీద పని వేరు, ముచ్చట వేరు కాదు. చేతులు నేస్తుంటే నోరు ఖాళీగానే ఉంటుంది కదా.

గునుగుపువ్వు | సోమవారం, మధ్యాహ్నం 2.20

పైన రాసినవారందరూ మగవారేనని అనుకుంటున్నాను. మీకు ముప్పై ఏళ్లు మెల్లమెల్లగా జరిగినది మాకు పందొమ్మిదో ఏట ఒక్కరోజులో జరిగింది, దానికి పెండ్లి అని పేరు పెట్టి బ్యాండు కూడా పెట్టారు. ఆడపిల్లల స్నేహాలు తెగిపోయాయని ఊళ్లో ఎవరూ బాధపడలేదు, మా అమ్మలకు కూడా అది బాధపడవలసిన విషయమని తోచలేదు, ఎందుకంటే వాళ్లకూ అట్లాగే జరిగింది.

మాది పరకాల దగ్గర ఒక ఊరు. మేము నలుగురం. పెత్రమాసకు (బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు) ముందు రోజు తెల్లవారకముందే చెల్కల వెంట గునుగు కోయడానికి పోయేవాళ్లము. గునుగు తెల్లగా ఉంటుంది, మరిగే నీళ్లలో రంగు కలిపి కట్టలు కట్టలుగా ముంచి తీసి ఆరబెట్టాలి. ఎంత రుద్దినా గోళ్ల సందులలోని గులాబీ, ఆకుపచ్చ రంగులు సద్దుల బతుకమ్మ దాకా పోయేవి కావు. ఆ తొమ్మిది రోజులు ఊళ్లో ఎవరైనా మా చేతులు చూసి, ఎవరెవరు ఒక్క గిన్నెలో పువ్వు అద్దారో చెప్పేవారు. ఒకసారి మాలో ఒకామెకు టైఫాయిడ్ వచ్చి రాలేకపోతే, ఆమె చేతులు ఖాళీగా ఉండకూడదని మిగిలిన రంగునీళ్లు సీసాలో పోసుకుపోయి, మంచం మీదనే ఆమె వేళ్లు ముంచి వచ్చాము. వాళ్ల అమ్మ మమ్మల్ని చీపురు పట్టుకుని తరిమింది.

ఇప్పుడు వాళ్లను వెతుకుదామంటే దారి లేదు. పెండ్లితో ఇంటిపేర్లు మారాయి, మారిన ఇంటిపేర్లు నాకు తెలియవు, ఫేస్‌బుక్‌లో పాత పేరు కొడితే వందమంది వస్తారు, వాళ్లలో సగం మంది ఫొటో స్థానంలో గులాబీ పువ్వో, దేవుడి పటమో ఉంటుంది. ఒకామె నంబరు అతికష్టం మీద దొరికింది. ఫోన్ చేస్తే మగగొంతు పలికింది. "ఎవరు, ఎక్కడి నుంచి, ఏం పని" అని వరుసగా అడిగితే నాకు ఏ పనీ లేదన్న సంగతి గుర్తుకొచ్చి, తప్పు నంబరని చెప్పి పెట్టేశాను. స్నేహితురాలితో మాట్లాడాలంటే ఒక పని ఉండాలి, అది నా దగ్గర లేదు.

హనుమకొండలో మా అపార్ట్‌మెంటు వాళ్లందరం వేయిస్తంభాల గుడి దగ్గరకే పోతాము. జనం వేలల్లో ఉంటారు, బతుకమ్మలు నిలువెత్తు ఉంటాయి. కానీ ఒకామె పాట చెబితే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకోవడం తగ్గిపోయింది, పాట స్పీకరు చెబుతుంది, స్పీకరే అందుకుంటుంది, మేము చప్పట్లు కొడతాము. నా పక్కన ఆడిన ఆమె ఎవరో తెలియకుండానే ఇంటికి వస్తాను. ఆరో నాడు బతుకమ్మ అలిగిందని ఆడరు కదా, చిన్నప్పుడు ఆ ఒక్కరోజు కూడా మేము గద్దె మీద చేరి, అలిగింది ఎందుకో కథలు అల్లేవాళ్లము.

వాడ చివరి ఇల్లు | సోమవారం, రాత్రి 10.10

ఇటువంటి చర్చల్లో "మన ఊళ్ల దగ్గరితనం" అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఒకటి అడగాలనిపిస్తుంది: ఎవరి ఊరు? ఊరంతా మామ, అత్త, కాక, వదినె అని వరుసలు పెట్టి పిలుచుకునేవారన్న మాట నిజమే. మా తాతను మాత్రం, ఆయన కంటే నలభై ఏళ్లు చిన్నవాడు కూడా పేరు పెట్టి, చివర "గా" తగిలించి పిలిచేవాడు. హోటల్లో మా గ్లాసు లోపల ఉండదు, బయట చూరులో చెక్కి ఉంటుంది, తీసుకుని, తాగి, కడిగి మళ్లీ అక్కడే చెక్కాలి. ఆ ఊరు చెదిరిపోయిందని నాకు దిగులు లేదు.

అయినా నాకూ ఒక దోస్తు ఉండేవాడు, పెద్దింటి పిల్లవాడు. చెలిమెలో నీళ్లు ఇద్దరం ఒకే దోసిలితో తాగినవాళ్లము. చెరువు కట్ట దిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు మాత్రం అతడు నాకంటే పది అడుగులు ముందు నడిచేవాడు. ఎవరూ చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. పెద్దయ్యాక అతడు నాతో ఒకసారి ఆ పది అడుగుల గురించి మాట్లాడబోయాడు, నేనే మాట మార్చాను. ఆ తర్వాత మేము కలవలేదు. పాత కాజీపేట గారు ఎక్కడ తెగిందని అడిగారు. మాది తెగిన చోటు నాకు అడుగులతో సహా తెలుసు, అయినా తెలియడం వల్ల ఒరిగింది ఏమీ లేదు.

నాకు మొదటి ఊరు కాకతీయ విశ్వవిద్యాలయం హాస్టలు. నలుగురం ఒక గదిలో, ఒక్క కంచంలో తిన్నది అక్కడే మొదటిసారి. ఆ ముగ్గురితో ఇప్పటికీ ప్రతి రెండో శనివారం మాట్లాడతాను. దగ్గరితనం పోయిందని నేను అనను. నాకు అది ఆలస్యంగా వచ్చింది, అందుకే జాగ్రత్తగా పట్టుకున్నాను.

మడికొండ–మాదాపూర్ | మంగళవారం, ఉదయం 1.15

పెద్దలందరికీ నమస్కారం. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హైదరాబాదులో గది. మీరు పోయిందని బాధపడుతున్న దగ్గరితనం మా తరానికి కొంతవరకు నిఘాలాగా కనిపిస్తుందని మన్నించి వినండి. నేను మా నానమ్మ ఊళ్లో బస్సు దిగి ఇల్లు చేరేలోపు నా జీతం ఎంతో ఏడుగురు అడుగుతారు, పెండ్లి ఎందుకు కాలేదో నలుగురు వాళ్లే నిర్ణయిస్తారు. మా అక్క ఎవరితోనో బండి మీద కనిపించిందన్న వార్త ఆమె కంటే ముందు ఇంటికి చేరేది.

నాకు నిత్యం మాట్లాడే మిత్రులు నలుగురు ఉన్నారు, వాళ్లలో ఒకతన్ని ఇప్పటిదాకా నేరుగా చూడలేదు. 2021లో నాకు కోవిడ్ వచ్చి గదిలో ఒక్కడినే ఉన్నప్పుడు, ఎన్నడూ చూడని ఆ మిత్రుడే రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంత ఉందో అడిగి రాసుకునేవాడు. కనుక ఫోన్‌లో స్నేహాలు స్నేహాలే కావంటే ఒప్పుకోను. అయితే నిజం కూడా రాయాలి: ఆ పద్నాలుగు రోజులు తలుపు ముందు డబ్బా పెట్టి, తలుపు కొట్టి, మెట్లు దిగి పోయింది కింది ఇంటి ముసలమ్మ. ఆమె పేరు నేను ఇప్పటికీ అడగలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసి మూడేళ్లయింది.

మూడో షిఫ్టు | మంగళవారం, ఉదయం 7.50

తమ్ముడు నిఘా అన్నాడు, సరే. బొగ్గు బాయిలో దిగినవాడికి ఆ నిఘాయే ప్రాణం. నేను గోదావరిఖనిలో భూగర్భంలో పనిచేసి, రిటైరై దిగిపోయినవాణ్ణి. పక్కవాడు దగ్గితే ఎందుకు దగ్గాడో చూడాలి, పైకప్పు చప్పుడు చేస్తే ఇద్దరికీ ఒక్కసారే వినబడాలి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. ఓపెన్‌కాస్టులో ఒక్కొక్కడు ఒక్కొక్క యంత్రం మీద, అద్దాల గదిలో కూర్చుంటాడు.

దిగిపోయిన రోజు దండ వేస్తారు, ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నవాళ్లము, ఒకరు మంచిర్యాలకు, ఒకరు కరీంనగర్‌కు, ఒకరు కొడుకు దగ్గరికి బెంగళూరుకు. ఇల్లు మారడం అనుకుంటాము గాని, మారేది ఇల్లు ఒక్కటే కాదు.

పాత కాజీపేట | మంగళవారం, రాత్రి 9.05

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. ముఖ్యంగా "వాడ చివరి ఇల్లు" గారు రాసింది చదివిన తర్వాత నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నా మొదటి పోస్టులో ఒక అబద్ధం ఉంది. మాట పట్టింపు లేదని రాశాను. ఉంది.

2014లో అతని పెద్దబిడ్డ పెండ్లి. శుభలేఖ నాకు వాట్సాప్‌లో వచ్చింది. మర్నాడు ఫోన్ కూడా చేశాడు, "రావాలి రా" అన్నాడు. కానీ ఇంటికి వచ్చి, మా ఆడవాళ్లకు బొట్టు పెట్టి, కార్డు చేతికి ఇవ్వలేదు. వాళ్ల బావమరిది ఇంటికి, మా ఇంటికి నాలుగు వీధుల దూరం, అక్కడిదాకా వచ్చి కార్డు ఇచ్చి వెళ్లాడని తెలిసింది. నా భార్య, "మనవాడే కదా, పిలుపేమిటి, పోదాము" అన్నది. నేనే ముహూర్తం వేళకు కాళ్లనొప్పులని పడుకున్నాను. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన శుభకార్యానికి నేనూ అతనికి వాట్సాప్‌లోనే పంపాను, కావాలనే. అతడు కూడా రాలేదు. చెల్లుకు చెల్లు అనుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, రోజూ కనిపించే వాడయితే మరుసటి సాయంత్రం మెట్ల మీద నాలుగు బూతులు తిట్టి ఊరుకునేవాణ్ణి. మగ్గం గుంట గారు అన్న పోగు అదేననిపిస్తుంది. ఇన్నేళ్లు ఏడు కిలోమీటర్ల దూరాన్ని సాకుగా పెట్టుకుని నేను మోసింది ఒక శుభలేఖ.

గునుగుపువ్వు | మంగళవారం, రాత్రి 9.40

అన్నయ్యా, అంత్యక్రియలకు, దినాలకు వెళ్లలేకపోయినా, మాసికం నాడు ఆ ఇంటికి వెళ్లవచ్చు. అతని భార్యను ఒకసారి చూసి రండి. మగవాళ్ల స్నేహం తెగినప్పుడు వాళ్ల భార్యల మధ్య కూడా రాకపోకలు ఆగిపోతాయి, ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మానేరు ముంపు | బుధవారం, సాయంత్రం 5.30

మా ఊరు మిడ్ మానేరు కింద మునిగింది. కాబట్టి నా అనుభవం కొంచెం వేరు: మా ఊరివాళ్లం చెదిరిపోలేదు, ఊరికి ఊరే లేచి పునరావాస కాలనీకి వచ్చాము. ఊరి పేరు అదే, బొడ్రాయిని కూడా కొత్తగా ప్రతిష్ఠించుకున్నాము, పోచమ్మ గుడి కట్టుకున్నాము. మనుషులు వాళ్లే. అయినా పాత ఊరు తిరిగి రాలేదు, ఎందుకు రాలేదో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది, మారింది ఇండ్ల వరుస. పాత ఊళ్లో మా వంటింటి తలుపు తీస్తే మా పెద్దమ్మ వాళ్ల పశువుల కొట్టం, దాని పక్కన చేదబావి, బావి నుంచి బడికి పోయే సందు. ఉప్పు అడగడానికి పోయే దారిలోనే నలుగురితో మాట్లాడవలసి వచ్చేది. కాలనీలో ప్లాట్లు వరుస ప్రకారం వచ్చాయి, వీధులు గీత గీసినట్టు ఉంటాయి, పెద్దమ్మ ఇల్లు ఆ చివరకు పడింది. ఇంటింటికీ నల్లా ఉంది, బావికి పోవలసిన పని లేదు, అది మంచిదే, నీళ్లు మోసిన మా అమ్మ నడుము దాన్ని కాదనదు. కానీ పోవలసిన పని లేనప్పుడు ఎవరూ పోరు. పెద్దమ్మ మా అమ్మను చూడాలనిపిస్తే ఇప్పుడు చీర మార్చుకుని బయలుదేరుతుంది. పక్కింటికి చీర మార్చుకుని పోవలసి వచ్చిందంటే అది పక్కిల్లు కాదు, చుట్టాలిల్లు.

వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు మా పాత ఊరి మొండిగోడలు కొన్ని బయటపడతాయి. మా వాళ్లు బండ్ల మీద వెళ్లి వాళ్ల వాళ్ల గడపల దగ్గర నిలబడి ఫొటోలు దిగుతారు. అక్కడ మాత్రం అందరూ పాత వరుసలోనే నిలబడతారు.

గల్ఫ్ గది | బుధవారం, రాత్రి 11.55

మాది జగిత్యాల జిల్లా. పదకొండేళ్లుగా దుబాయిలో ఉన్నాను. ఒక గదిలో ఎనిమిది మందిమి, రెండంతస్తుల మంచాలు. లెక్కల సారు చెప్పిన 200 గంటలు ఇక్కడ నెలలోపే అయిపోతాయి. నా మంచం కింద పడుకునేవాడికి నా భార్య గొంతు, నా పిల్లల చదువు, నా అప్పు, అన్నీ తెలుసు. సెలవులో ఊరికి పోతే చిన్ననాటి దోస్తులు వచ్చి, సెంటు సీసాలు తీసుకుని, "ఎన్ని రోజులుంటవు" అని అడుగుతారు. తప్పు వాళ్లది కాదు, మా మధ్య మాట్లాడుకోవడానికి ఇక మిగిలింది రోజుల లెక్కనే. వీసా అయిపోయిన రోజున ఈ గదిలోవాళ్లు కూడా ఎనిమిది దిక్కులకు పోతారని నాకు తెలుసు.

పాత కాజీపేట | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8.20

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. జరిగింది చెప్పకపోతే బాగుండదు.

మొదట జనగామలో ఉన్నవాడికి ఫోన్ చేశాను. ఎత్తగానే అతడు అన్న మొదటి మాట: "ఏమైంది? ఎవరు పోయిండ్రు?" పన్నెండేళ్ల తర్వాత ఫోన్ వస్తే అంతకంటే వేరే ఏమనుకుంటాడు? ఎవరు పోయారో చెప్పాను. అతనికీ తెలియదు. మహబూబాబాద్‌వాడికి తెలుసు, మా ఇద్దరికీ ఎవరో చెప్పే ఉంటారనుకున్నాడట. అయిదోవాడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉన్నాడు, మోకాలి ఆపరేషన్ అయింది, రాలేనన్నాడు, మేము నలుగురం (అనబోయాను, ముగ్గురం) మాసికం నాడు ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు వీడియో కాల్‌లో మాట్లాడాడు, ఎక్కువసేపు అతని నుదురు, పైన తిరిగే ఫ్యాను మాత్రమే కనిపించాయి.

వదినె మమ్మల్ని ఏమీ అనలేదు. అంటుందనే సిద్ధపడి వెళ్లాను. మేము తిన్నామా అని అడిగింది. పెండ్లికి రానిదాని గురించి నేను మొదలుపెట్టబోతే, "నాకు యాదికి ఉన్నది అన్నయ్యా, ఆయనకు కూడా ఉండె" అని, అక్కడితో ఆపి లోపలికి పోయింది. ఓదార్పు కోసం వెళ్లినవాడికి అంతకంటే మెత్తటి మాట దొరకదని, ఆ మాట మెత్తనిది కాదని, రెండూ ఒకేసారి తెలిశాయి.

లోపలి నుంచి ఒక ఆల్బం తెచ్చి ఇచ్చింది. అందులో ఆ గృహప్రవేశం ఫొటో కత్తిరించకుండా ఉంది. ఫ్లెక్సీ వాళ్లకు పిల్లలు ఫోన్‌తో తీసిన నకలు పంపారట. మామిడి తోరణం కింద అయిదుగురం ఉన్నాము, జనగామవాడు కండ్లు మూసుకున్నాడు, నా గడియారం కనిపిస్తోంది. ఫొటో ఒక మూల తడిసి ఆల్బం ప్లాస్టిక్‌కు అంటుకుపోయింది, లాగితే ఆ మూలన ఉన్న హైదరాబాదువాడి ముఖం ఊడి వస్తుందేమోనని భయంగా ఉంది. ఆల్బం మొత్తం నా చేతికి ఇచ్చి, పని అయ్యాక తెచ్చి ఇమ్మన్నది.

హనుమకొండలోనో వరంగల్‌లోనో అటువంటి ఫొటోను పాడు చేయకుండా తీసి, పెద్దది చేసి నాలుగు ప్రతులు ఇవ్వగలిగిన స్టూడియో ఎవరికైనా తెలిస్తే ఇక్కడ చెప్పండి. చుట్టూ ఖాళీ ఎంత వచ్చినా ఫరవాలేదు, ఎవరినీ కత్తిరించకుండా చేయాలి.